నీలం తీగ, పసుపు తీగ

ఓడ అంచున ఇయోతెబా చెప్పులు జతగా సర్ది ఉన్నాయి. మనిషి లేడు.

'సదరన్ లాంటర్న్' అనే ట్యూనా ఓడలో వేట నియమాల ప్రకారం జరుగుతోందో లేదో చూసే పరిశీలకుడు అతను. కాలుజారి సముద్రంలో పడ్డాడని కెప్టెన్ రేడియోలో చెప్పాడు. కాలు జారబోయేవాడు చెప్పులు విడిచి, వాటిని జతగా సర్ది మరీ జారడు.

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. జడ్జికి తెలియాలి," అన్నాడు అసియాతా.

అపియా బస్‌స్టాండు వెనక కోకో కొట్టులో కూర్చున్నారు ఇద్దరూ. సమోవాకు ఒక గూఢచారి శాఖ ఉందని సమోవాలోనే చాలామందికి తెలియదు. దానికి అధిపతి అసియాతా. పెద్ద బొజ్జ, పూల చొక్కా, ఎప్పుడూ తడి ఆరని నుదురు. ఎదురుగా ఉన్నవాడు ఏజెంట్ రొపాతి. కూర్చునే ముందు "కోకో చిక్కగా ఉందా?" అని రొపాతి అడిగాడు. "పంచదారే తక్కువ," అన్నాడు అసియాతా. ఏళ్ల తరబడి కలుస్తున్న మనుషులే. అయినా ఆ కోడ్ మాటలు అయ్యాకే కూర్చుంటారు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఇయోతెబా మాయమైన రోజున ఆ ఓడ వేట నిషేధించిన జలాల్లో గంటల తరబడి ఆగి ఉంది. ఉపగ్రహం పట్టిన ఆ జాడ మాలోఫా ఊరి చివరి డేటా సెంటర్లో ఉంది. పది ద్వీపదేశాల ఓడల జాడలన్నీ అక్కడే. సోమవారం దాన్ని కోర్టులో చూపిస్తే ఓడ వెనకున్న ముఠా కూలిపోతుంది. ముఠా పేరు నల్ల వల. మూడు దేశాల్లో ఆఫీసులున్నాయి, ఒక్కదానికీ బోర్డు లేదు. సోమవారంలోగా ఆ జాడను చెరిపేయాలని వాళ్ల ప్లాన్.

"కాపీలు లేవా?"

"పాతవాటికి ఉన్నాయి. ఈ నెలవాటికి ఆదివారం రాత్రి తీస్తారు. అప్పటిదాకా ఉన్నది ఒక్కటే."

"లోపల వాళ్ల మనిషి?"

"ఉన్నారట. కోరిన్ చెప్పింది. ఎవరో తేల్చాలి."

కోరిన్ వాసెర్ ఫ్రెంచి ద్వీపనగరం నుమెయా మనిషి. నల్ల వలలో రెండేళ్లుగా శాఖ తరఫున పనిచేస్తున్న ఏజెంట్. ఆమె గదిలోకి వస్తే ఫ్యాను కూడా ఆమె వైపే తిరుగుతుందని శాఖలో జోకు.

"నీ వేషం ఏసీ మెకానిక్," అన్నాడు అసియాతా. "ఏసీల గురించి నీకేం తెలుసు?"

"ఉక్కపోస్తే వేస్తారని."

"చాలు."

ఆయన కాళ్ల దగ్గరి సంచిలోంచి బిస్కెట్ డబ్బా ఒకటి తీశాడు. డబ్బాలో బిస్కెట్లు లేవు. చిన్న సర్వర్ ఉంది. స్టోరేజీకి కలిపితే, ఆ రికార్డుల మీద ఎవరు చెయ్యి వేసినా పసిగడుతుంది.

*

డేటా సెంటర్లో స్టోరేజీ అంతా ఫువతినో చేతిలో ఉంటుంది. వెల్లింగ్టన్లో చదువుకున్న ఇంజనీరు. జుట్టు ముడిలో ఎర్రపువ్వు, మెడలో కళ్లద్దాల గొలుసు. రొపాతికి స్వయానా మేనత్త, పోయిన తండ్రికి అక్క. సమోవా ఇళ్లలో అక్కాచెల్లెళ్ల గౌరవం అన్నదమ్ముల మెడ మీద ఉంటుంది, తర్వాత వాళ్ల పిల్లల మెడ మీద. మేనత్త కూర్చుని ఉండగా మేనల్లుడు నిలబడి మాట్లాడడు. రొపాతి కూడా పనిముట్ల పెట్టె పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు. తను ప్రభుత్వ పని మీద వచ్చానని, ఏమిటో అడగవద్దని చెప్పాడు.

అతను డబ్బా చూపించగానే ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. సర్వర్‌ను స్టోరేజీకి కలపడమంటే గోడకు మేకు కొట్టడం కాదని మొదలుపెట్టింది. స్టోరేజీ తీగలు ఆఫీసు తీగలతో కలవకూడదు, వాటి రోడ్డు వాటిదే. ఏ సర్వర్ డిస్కు ఆ సర్వర్‌కే కనబడాలి. సర్వర్ వచ్చి పేరు చెబితే చాలదు, రహస్య పదం చెప్పాలి. స్టోరేజీ కూడా తిరిగి తన పదం చెప్పాలి. ప్రతి సర్వర్‌కూ రెండు దారులుండాలి. నీలం తీగ ఈ గదిలోంచి, పసుపు తీగ వేరే గదిలోంచి. ఒకటి తెగితే రెండోది ఆ క్షణమే బరువు అందుకోవాలి. ఏ మార్పు చేసినా ఎవరు చేశారో పేరుతో రాసిపెట్టాలి.

రొపాతికి కావలసినవన్నీ వీటికి తలకిందులు. డబ్బా ఏసీ గదిలో దాగాలి. అక్కడున్నవి ఆఫీసు తీగలే. అది ఫువతినో సొంత సర్వర్ పేరుతోనే తిరగాలి, లేకపోతే ముఠా పసిగడుతుంది. ఆ పేరుకు రహస్య పదం అడగడం ఆపేయాలి. ఎక్కడా రాయకూడదు.

"దొంగలు ఇంతకంటే మర్యాదగా అడుగుతార్రా," అంది ఆమె.

"ఒక్క వారం అత్తా."

"అడిగినవాళ్లకి ఏం చెప్పను?"

"ఎవరికీ ఏమీ చెప్పకు. నాకు మాటివ్వు."

ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు రొపాతి వాడకూడని ఆయుధం వాడాడు.

"నాన్న అడిగితే కాదనేదానివా?"

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది. తర్వాత లేచి తనే తీగలు పట్టుకుంది. అతను ఒక తీగ చాలన్నాడు. ఆమె రెండూ కలిపింది, నీలం ఒకవైపు, పసుపు ఒకవైపు.

"తప్పు చేయమన్నావు, చేస్తున్నా. సగం పని మాత్రం చేయమనకు."

పసుపు తీగ ఏ గదిలోంచి ఎటు పోతుందో ఆమె చెబుతూనే ఉంది. రొపాతి ఊఁ కొట్టాడు. అతని చూపు ఫోను మీదుంది. కోరిన్ రేవు దగ్గరి హోటలుకు రమ్మంటోంది.

*

హోటలు వరండాలో కోరిన్ తెల్ల గౌనులో, పడవల వైపు చూస్తూ కూర్చుంది. ఆమె నవ్వుతూ వింటుంది. నవ్వుతూ వినేవాళ్ల ముందు మగవాళ్లు అవసరానికి మించి మాట్లాడతారు. రొపాతి కూడా మాట్లాడాడు. లోపల తనకో తలుపు తెరిచి ఉందనీ, ఒక పేరు చెబితే స్టోరేజీ మారు మాట అడగదనీ, ఆఫీసు గోడలో ఏ ప్లగ్గు నుంచైనా వెళ్లవచ్చనీ గొప్పగా చెప్పాడు.

"మీ సమోవా ఇళ్లకి గోడలుండవు. స్టోరేజీకీ లేవన్నమాట," అని నవ్వింది కోరిన్.

రెండు రోజుల తర్వాత ఆమె ఆధారాలు తెచ్చింది. ఎవరో సదరన్ లాంటర్న్ జాడను చెరపాలని చూశారు. ఆ ప్రయత్నం ఫువతినో సర్వర్ పేరు మీద జరిగింది. రొపాతి డబ్బా కూడా అదే మాట చెప్పింది.

తన డబ్బా కూడా ఆ పేరుతోనే తిరుగుతోందని అతనికి తట్టలేదు. తట్టినా పక్కకు నెట్టాడేమో. కేసు తేలిపోవాలని మనసు తొందరపడినప్పుడు కంటి ముందున్నది కనబడదు. అసియాతాకు ఫోన్ చేసి అత్త పేరు చెప్పాడు. చెబుతున్నప్పుడు గొంతు వణకనందుకు, కర్తవ్యం బాగా నిర్వర్తించానని కూడా అనుకున్నాడు.

శుక్రవారం ఫువతినోను ఉద్యోగంలోంచి తీసేసి అందరి ముందు బయటకు నడిపించారు. సంచి బల్ల మీద బోర్లించారు. పువ్వులు గుచ్చుకునే పిన్నులు, కళ్లద్దాల గుడ్డ, టారో దుంప ముక్కలున్న టిఫిన్ డబ్బా. ఆ డిస్కులకు ఎవరికి దారి ఇచ్చావని అధికారి మూడుసార్లు అడిగాడు. ఆమె మాట్లాడలేదు. రొపాతి మూలన నిచ్చెన మీదుండి ఏసీ మూత పట్టుకుని ఉన్నాడు. ఆమె నోరు తెరిస్తే చాలు. వీడే అంటే చాలు.

టిఫిన్ డబ్బాను గార్డు పక్కకు నెట్టబోతుంటే ఆమె ఆపింది.

"అది పారేయకండి. ఆ మెకానిక్ అబ్బాయికివ్వండి. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేడు."

ఆ సాయంత్రం రొపాతి ఆ డబ్బా తెరిచాడు. టారో మీద కొబ్బరిపాలలో ఉడికిన ఆకు ఉంది. చిన్నప్పుడు అతనికి ఇష్టమైనట్టే ఉప్పు కొంచెం ఎక్కువేసి చేసింది. అంటే పొద్దున ఇంట్లో సర్దేటప్పుడే అతని కోసం సర్దింది. సగం తిన్నాడు. మిగతాదానికి మూత పెట్టేశాడు.

*

ఆదివారం మాలోఫా చర్చిలో పాటల బృందం మొదటి వరసలో ఫువతినో చోటు ఖాళీగా ఉంది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని పాస్టరు మెత్తగా చెప్పారట. ఊరంతా పాటకంటే ఆ ఖాళీనే ఎక్కువ విన్నది.

పొద్దువాలుతుండగా రొపాతి తన డబ్బా విప్పుకుపోదామని ఏసీ గదికి వచ్చాడు. ఫువతినో నుంచి తీసుకున్న స్టోరేజీ తాళాలూ పాస్‌వర్డులూ శుక్రవారం నుంచి అతని జేబులోనే ఉన్నాయి. విప్పేముందు అలవాటుగా తెర చూశాడు. ఫువతినో సర్వర్‌ను శుక్రవారమే ఆపేశారు. ఆ పేరుతో తన డబ్బా ఒక్కటే కనబడాలి. రెండు కనబడుతున్నాయి.

రెండోది ఆఫీసు తీగల మీదుగా వచ్చింది. తను తెరిపించిన తలుపులోంచే వచ్చింది. ఆ తలుపు సంగతి తెలిసినవాళ్లు ముగ్గురు. తను, మాటిచ్చి నోరు మూసుకున్న అత్త, నవ్వుతూ విన్న కోరిన్.

రొపాతి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. చెవులు మండాయి. ఆ గదిలో ఎవరూ లేరు, అయినా తల ఎత్తలేకపోయాడు.

ఊళ్లో శంఖం ఊదారు. సాయంప్రార్థన మొదలైంది. ఆ కాసేపూ మాలోఫాలో ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలి. రోడ్డు మీద కోడి తప్ప ఏదీ కదలదు. డేటా సెంటర్ గార్డులు కూడా టోపీలు తీసి తలలు వంచారు. శంఖం ఆగగానే తెర మీద వరసలు కదిలాయి. పాత జాడలు ఒక్కొక్కటీ చెరిగిపోతున్నాయి. పాతవాటి నుంచి కొత్తవాటి వైపు, ఈ నెల వైపు. ఒక్క ఓడ జాడే పోతే ఎవరి పనో తెలిసిపోతుందని అన్నీ చెరుపుతున్నారు.

స్టోరేజీని ఆఫీసు తీగలకు కలుపుతున్న నీలం తీగను రొపాతి లాగేశాడు. వరసలు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి.

ఫోను మోగింది.

"ఒక దారి తెగితే రెండోది అందుకుంటుంది," అంది కోరిన్. వెనక పడవ ఇంజను చప్పుడు. "మీ అత్త పనితనం. మెచ్చుకోవాలి."

"ఎక్కడున్నావు?"

"ప్రార్థనలు లేని చోటికి పోతున్నా. ఏసీ బాగుచేసుకో రొపాతీ."

పసుపు తీగ ఏ గదిలో ఉంది? అత్త చెప్పింది. తను ఊఁ కొట్టాడు. కరెంటు తీసేసినా లాభం లేదు, స్టోరేజీకి సొంత బ్యాటరీలున్నాయి. అసియాతాకు ఒక్క మాట పంపాడు: కోరిన్, రేవు, పడవ. తర్వాత అత్త ఇంటికి ఫోన్ చేశాడు. ప్రార్థన వేళ ఏ ఇంట్లోనూ ఫోన్ ఎత్తరు. పరుగెత్తాడు.

రోడ్డు మలుపులో ఊరి కాపలా యువకులు వరసగా కూర్చుని ఉన్నారు. ఒకడు అడ్డంగా కాలు చాపాడు.

"కూర్చో అన్నా."

"ప్రాణం మీదికొచ్చింది. వదులు."

"మా తాత సమాధిలోంచి లేచొచ్చినా ప్రార్థన అయ్యేదాకా కూర్చోవాల్సిందే. కూర్చో."

ఇద్దరు అతని భుజాలు పట్టి రోడ్డు మీద కూర్చోబెట్టారు. ఎదురుగానే ఫువతినో ఇల్లు. స్తంభాలు, పైకప్పు, మధ్యలో చాపల మీద కుటుంబమంతా. గోడల్లేని ఇంట్లో ఎవరికీ ఏదీ దాగదు. రొపాతి దుమ్ములో మోకాళ్ల మీదుండి అటే చూశాడు. కీర్తన రెండో చరణంలో ఉంది. ఫువతినో కళ్లు తెరిచి అతన్ని చూసింది.

ఆమె లేచింది.

ప్రార్థన మధ్యలో ఆ ఊళ్లో ఎవరూ లేవరు. రెండు రోజుల కిందటే ఊరందరి నోళ్లలో పడ్డ మనిషి అసలు లేవదు. పాట తడబడింది. పక్క ఇళ్లవాళ్లు తలలు తిప్పారు. ఆమె స్తంభాల మధ్య నుంచి దిగి, అందరూ చూస్తుండగా రోడ్డు మీదికి నడిచి వచ్చింది.

"చెరిపేస్తున్నారత్తా. నీలం లాగాను. ఆగలేదు. నా వల్లే..."

"అది తర్వాత. తీగల జోలికి పోకు. ఒకటి లాగితే ఇంకోటి మోస్తుంది, దాని పనే అది. స్టోరేజీ తెరిచి నా సర్వర్ పేరు తీసేయ్. ఆ పేరుతో వచ్చినవాళ్లందరికీ రెండు దారులూ ఒక్కసారే మూసుకుంటాయి."

"నీ పేరా?"

"ఒకసారి తీశావుగా. ఇది కష్టమేం కాదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే అతను భరించగలిగేవాడు. ఆమె కాపలా యువకుడి వైపు తిరిగి, ప్రార్థన మధ్యలో లేచినందుకు పడే జరిమానా ఇద్దరిదీ తన ఇంటి మీద వేయమంది. ఆ కుర్రాడు పొడవుగా చాచిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

రొపాతి వచ్చిన దారినే పరుగెత్తాడు. తెర మీద పాత సంవత్సరాలు పోయాయి. ఈ ఏడాది పోతోంది. పాస్‌వర్డు ఒకసారి తప్పు కొట్టాడు. రెండోసారి తెరుచుకుంది. ఈ నెల మొదటి వరస మసకబారుతోంది. పేర్ల మధ్య ఫువతినో పేరు వెతికాడు. అక్కడ ఉంది. తీసేశాడు.

వరసలు ఆగిపోయాయి. సదరన్ లాంటర్న్ జాడ రెండు వరసల కింద, చెక్కు చెదరకుండా ఉంది.

బయట రెండోసారి శంఖం ఊదారు. ప్రార్థన అయిపోయింది. కోళ్లు, పిల్లలు, బస్సు, అన్నీ ఒక్కసారే కదిలాయి.

*

కోరిన్ పడవను సముద్ర పోలీసులు పగడపు దిబ్బ దాటకముందే ఆపారు. ఆమె వాళ్లకు కూడా నవ్వుతూనే నమస్కారం చెప్పిందట. ఆమె పెట్టిన రెండో డబ్బా డేటా సెంటర్ అతిథుల గదిలో సోఫా వెనక దొరికింది. సోమవారం కోర్టులో ఓడ జాడను గోడ మీద చూపించారు. పక్కన బల్ల మీద ఇయోతెబా చెప్పులు పెట్టారు. కెప్టెన్ వాటివైపు చూడలేకపోయాడు.

ఫువతినోను మళ్లీ ఉద్యోగంలోకి పిలుస్తామని, చిన్న పొరపాటు జరిగిందని ఆఫీసు మాటగా చెబితే చాలని అసియాతా అన్నాడు.

"పొరపాటు ఆఫీసుది కాదు. నాది," అన్నాడు రొపాతి. "ఆమె ఇంటి ముందు కూర్చుంటాను."

అసియాతా కోకో కప్పు కింద పెట్టాడు. ఆ కూర్చోవడం ఏమిటో ఆయనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. తప్పు చేసినవాడు తన ఇంట్లోకెల్లా విలువైన చాప తలమీద కప్పుకుని, దెబ్బతిన్నవాళ్ల వాకిట్లో తల వంచుకుని కూర్చుంటాడు. వాళ్లు చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే ఎంతసేపైనా అంతే. ఊరంతా చూస్తుంది. చూడాలి కూడా.

"నువ్వెవరో తెలిసిపోతుంది. శాఖ పరువు పోతుంది. వద్దంటున్నా. ఇది ఆర్డరు."

"ఆమె పరువు తీసేటప్పుడు ఆర్డరు అడగలేదండీ నేను."

మంగళవారం తెల్లవారుతుండగా రొపాతి తన తల్లి దాచిన చాప తీసుకుని మాలోఫా వెళ్లాడు. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప బయటికి రాని చాప, పట్టులా మెత్తన. కప్పుకుని గులకరాళ్ల మీద కూర్చున్నాడు. లోపల కలరా ఉండల వాసన. తల్లి పెట్టిన ఉండలదే, ఇంకా పోలేదు. చాప నేతలోంచి ఇల్లు లేచిన చప్పుళ్లు వినబడ్డాయి. ఎవరో దగ్గారు. చీపురు చప్పుడు మొదలైంది. ఫువతినో వాకిలి ఊడుస్తోంది. అతని దగ్గరకు వచ్చింది, చుట్టూ ఊడ్చింది, పోయింది.

ఎండ ఎక్కింది. పిల్లలు గుమిగూడారు. ఏసీ మెకానిక్ అని ఒకరు, కాదు గవర్నమెంటు మనిషి అని ఒకరు, మేనల్లుడని ఇంకొకరు. చాప కింద రొపాతి అన్నీ విన్నాడు.

అంతలో చాప అంచు లేచింది. పెద్ద శరీరం ఒకటి ఆయాసపడుతూ లోపలికి దూరి పక్కన కూర్చుంది.

"కోకో చిక్కగా ఉందా?" అంది గుసగుసగా.

రొపాతి తల వంచుకునే జవాబిచ్చాడు.

"పంచదారే తక్కువ."

"జరుగు. నీ మాట నమ్మి ఆమెను బయటకు నడిపించమన్నది నేను," అన్నాడు అసియాతా. ఆయన తల తన పక్కనే వంగడం రొపాతికి చెమట వాసనతో సహా తెలిసింది. ఆ చాప కింద ఇద్దరికి చోటు లేదు. అసియాతా వీపు సగం ఎండలోనే ఉంది.

చీపురు గోడకు ఆనించే చోటు లేని ఇల్లు. ఎక్కడో స్తంభానికి ఆనించిన చప్పుడైంది. అడుగులు దగ్గరకొచ్చి ఆగాయి.

"నా సర్వర్ పేరు మళ్లీ పెట్టావా?"

"పెట్టానత్తా."

"రహస్య పదం?"

"అడుగుతోంది. రెండు వైపులా."

"ఆఫీసు తీగలు?"

"విడదీశాను."

"రెండు దారులు?"

"నీలం మెషిన్ గదిలోంచి. పసుపు మెట్ల కింది గదిలోంచి."

"ఇప్పుడు విన్నావన్నమాట. జరిగిందంతా రాసిపెట్టావా?"

"రాశాను. తలుపు తెరిపించినవాడి పేరుతో."

ఎవరో పిల్ల నవ్వబోతే వాళ్లమ్మ నోరు మూసింది. చాప మెల్లగా లేచింది. వెలుగు కళ్లలో పడింది. ఫువతినో చాపను మడతలు పడకుండా రెండు చేతులా చుట్టి, చంకలో పెట్టుకుని, లోపలికి రమ్మన్నట్టు తల ఊపింది. అసియాతా లేవలేక చెయ్యి చాపితే ఆయన్ని కూడా పైకి లాగింది.

లోపల టారో ఉడికి ఉంది. రొపాతి పళ్లెం వైపు చూస్తూ తిన్నాడు. ఉప్పు కొంచెం ఎక్కువే ఉంది. తల ఎత్తడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

అతను గూఢచారి అని ఇప్పుడు మాలోఫాలో అందరికీ తెలుసు. అయినా ఏసీ పాడైతే అతనికే కబురు పంపుతారు. అతను వస్తాడు, నిచ్చెన ఎక్కుతాడు, మూత తీసి చూస్తాడు. ఏసీ నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి.